మట్టం

తిరుపతిలో మూడు రోజుల శిక్షణ,
కాలేజీ వెనక రేకుల హాల్లో.
మొదటి రోజు ముడులు నేర్పారు:
తడిసినా జారని ముడి, లాగితే విడే ముడి.
రెండో రోజు రబ్బరు బొమ్మ గుండె మీద
ముప్పైసార్లు నొక్కి రెండుసార్లు ఊపిరి ఊదాం.
ఆ బొమ్మ ఎవరి చేతిలోనూ బతకలేదు.
చెంగల్రాయులు దానికి దండం పెట్టి లేచాడు.

మూడో రోజు కన్నయ్యనాయుడు సారు
బోర్డు మీద ‘జట్టు’ అని రాసి
కింద ఏమీ రాయకుండా
సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.
“పనికి ముందు అంకెలు చెప్పండి,
పనయ్యాక చెప్పండి.
ఒక అంకె తగ్గిందా, పని కానట్టే.”
అంతే పాఠం.

నాలుగో జట్టు మాది. ఏడుగురం.
నేను మూడు.
ఐదు రెడ్డెమ్మ.
ఆ ఐదు ఎప్పుడూ సరిగా వినబడేది కాదు,
షాహినా పక్కకి తిరిగి
మనిషి ఉందని చూసుకుని
ఆరు అనేది.

పాకాల దాటి మామిడితోటల నడుమ ఊరు.
బడిలో పడక.
వంక నుంచి చెరువుకి పూడిపోయిన కాలవ తీయాలి,
రెండు వందల పది గజాలు.
కంప, పలిగిన సీసాలు,
ఎవరిదో ఎడమకాలి చెప్పు.
రోజూ సంగటే.
అనపగింజల కూర వండిన పూట మాత్రం
దొరస్వామి చేతిలో గడ్డపార తేలికయ్యేది.

గుణశేఖర్ ఇంజనీరింగ్ రెండో ఏడు.
సెల్‌ఫోన్ నేల మీద పెట్టి మట్టం చూశాడు.
అతను పోసిన సున్నపు గీత
పాపిట తీసినట్టుంది.
అందరం తలలూపాం.

నాలుగో రోజు, తట్ట దించుతూ
“బడి దాటినాక వాటం వెనక్కుంది” అంది రెడ్డెమ్మ.
ఎవరూ వినలేదు.
అబద్ధం. నేను విన్నాను.
విని, నా అరచేతి బొబ్బలు లెక్కపెట్టుకున్నాను.

ఆ రాత్రే వాన.
మేం తవ్విన కాలవ
ఒక్క చుక్క ఒలకబోయకుండా
వంకనంతా బడిదాకా తెచ్చి
అక్కడ ఆగి, ఆలోచించి,
వరండా ఎక్కింది.
చాపలు, బియ్యం మూట, శిక్షణ పుస్తకాలు
బల్లల మీదికి చేరాయి. మేమూ చేరాం.
తెల్లారి ఎదురింటి మునెమ్మవ్వ వచ్చి చూసి
“బాగా పిల్చుకొచ్చినారే నీళ్ళను,
కాఫీ కూడా పోసి పంపండి” అనింది.

దామలచెరువు నుంచి రెడ్డెమ్మ నాయన,
తాపీమేస్త్రీ,
మోపెడ్ మీద ఒక గొట్టం చుట్ట తెచ్చిచ్చి
ఇంకో పనికి వెళ్ళిపోయాడు.
అవతలికి కనబడే గొట్టం, పదిహేను గజాలు.
రెడ్డెమ్మ నీళ్ళు నింపింది.
ఎత్తి వెలుతురుకి పట్టి
గోటితో టకటకా తట్టింది.
“బుడగుంటే గొట్టం అబద్ధం చెప్తుంది.”
ఆమె నోట పూర్తిగా విన్న మొదటి వాక్యం అది.

ఒక కొస తన దగ్గర. ఒక కొస నా చేతికిచ్చింది.
నడుమ బురద, తుమ్మచెట్టు, మా జట్టు.
ఆమె వంగితే నా దగ్గర నీళ్ళు కదిలాయి.
నేను ఊపిరి పీలిస్తే
ఆమె దగ్గర కదిలి ఉంటాయి.
“నిలబడినాయా?” అని అరిచింది.
నిలబడ్డాయి.
గట్టు మీద పాతిన కర్ర మీద
నా వేలి పక్కన సుద్దగీత పెట్టాను.
జానెడు తేడా.
జానెడంటే తొంభై గజాలు మళ్ళీ తవ్వడం.

గుణశేఖర్ ఏమీ అనలేదు.
తన సున్నపు గీతను తనే
కాలితో చెరుపుకుంటూ పోయాడు,
చివరిదాకా.

రెండు రోజుల్లో అరవై తవ్వాం.
ముప్పై మిగిలాయి.
మేం చూసుకుంటాంలే అన్నారు ఊరివాళ్ళు.
చూసుకున్నారో లేదో, మళ్ళీ వెళ్ళలేదు.
బస్సు ఎక్కేముందు అంకెలు చెప్పాం.
ఐదు వినగానే
కొట్టం కింద కోడి ఉలిక్కిపడింది.

సర్టిఫికెట్ వచ్చింది.
నా పేరుంది, ఇంటిపేరుంది, అంకె లేదు.
నాలుగో రోజు నేను మింగిన మాట
గొట్టంలో బుడగలా
ఇంకా ఎక్కడో అడ్డంగా ఉంది.
అప్పుడప్పుడు వెలుతురుకి పట్టి
గోటితో తడుతుంటాను.